గురుగ్రహంలోకి దిగితే కాళ్ళకి నేల తగులుతుందా?

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్కారమండీ. మా వాడు ఏడో తరగతి. రాత్రి అన్నం తింటూ ఒక ప్రశ్న వేశాడు. "అమ్మా, గురుగ్రహం అంతా గ్యాసే కదా, మరి రాకెట్‌లో ఇటు దూరితే అటు బయటికొచ్చేస్తామా?" అని. రాలేం నాన్నా అన్నాను. "ఎందుకు రాలేం? విమానం మబ్బులో దూరి బయటికి రావట్లేదా?" అన్నాడు. ఇంక నా దగ్గర సమాధానం లేదు. పుస్తకం తీసి చూస్తే 'వాయు గ్రహాలు' అని పేరు పెట్టి నాలుగు ముక్కలు రాసి వదిలేశారు.

నేను బీకాం చదివాను, సైన్సు అంతగా తెలియదు. పిల్లాడికి ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టడం మాత్రం ఇష్టం లేదు. లోపల నిజంగా ఏముంటుంది? ఎక్కడైనా నేల అనేది తగులుతుందా? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి, ప్లీజ్.

కృష్ణలంక తమ్ముడు (విజయవాడ)

అక్కా, నిజంగా ఒకసారి దింపి చూశారు. నాసా వాళ్ళ గెలీలియో నౌక వదిలిన ఒక పరికరం 1995 డిసెంబరు 7న గురుగ్రహంలోకి దూకింది. బరువు 339 కిలోలు. దూకినప్పటి వేగం సెకనుకు 47 కిలోమీటర్లు. అంటే మా బెజవాడలో బయల్దేరితే సెకను గడవకముందే మీ గుంటూరు వచ్చేస్తుంది. ఆ రాపిడికి ముందున్న కవచం సగానికి పైగా కాలిపోయింది. 152 కిలోల కవచంలో 80 కిలోల దాకా ఆవిరైపోయిందట.

తర్వాత పారాచూట్ విచ్చుకుంది. దాదాపు 58 నిమిషాలు కబుర్లు పంపింది. చివరికి చుట్టూ పీడనం మన గాలి కన్నా 22 రెట్లు, వేడి 150 డిగ్రీలు దాటాక గొంతు ఆగిపోయింది. నేల తగల్లేదు. తగిలే సూచన కూడా కనపడలేదు. మా ఇంటి మేడ మీద నుంచి టెలిస్కోప్‌లో గురుగ్రహాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ పరికరమే గుర్తొస్తుంది. అది అక్కడెక్కడో కరిగి, ఆవిరై, ఆ గ్రహంలోనే కలిసిపోయి ఉంటుంది.

అరండల్‌పేట (గుంటూరు)

బాగుంది తమ్ముడూ. కానీ అది ఎంత లోతు దిగిందో కూడా చెప్పు. 150 కిలోమీటర్లు. గురుగ్రహం వ్యాసార్ధం 70 వేల కిలోమీటర్లు. గ్రహాన్ని బత్తాయి అనుకుంటే మనవాళ్ళు కాగితం మందమంత కూడా లోపలికి పోలేదు. తొక్క దాటకుండానే, మధ్యలో ఏముందో, ఎంత వేడో అంకెలు చెప్పేస్తుంటే నాకు నమ్మబుద్ధి కాదు. చూసినవాడు లేడు, తవ్వినవాడు లేడు. పిల్లాడికి చెప్పేటప్పుడు ఏది చూసి తెలుసుకున్నారు, ఏది లెక్క కట్టారు అన్నది విడదీసి చెప్పాలని నా కోరిక.

విశ్రాంత మాస్టారు (గుంటూరు)

అరండల్‌పేట గారు అడిగింది న్యాయమైన మాట. నేను ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. నా చేతనైనంత విడదీసి చెబుతాను.

ముందు బరువు. ఉపగ్రహాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూస్తే గ్రహం బరువు తెలిసిపోతుంది. గురుగ్రహం 318 భూముల బరువు. దాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత నీటికి 1.33 రెట్లు వస్తుంది. భూమికి 5.5 రెట్లు. అంటే రాయీ ఇనుమూ ముద్దగా ఉన్న గ్రహం కాదది, తేలికైన సరుకుతో తయారైంది. శని ఇంకా తేలిక, నీటిలో 0.69 వంతే. ఇదంతా కొలిచింది.

ఇక లెక్క. అంత సరుకు ఒకదాని మీద ఒకటి పడి నొక్కుతుంటే అడుగున పీడనం ఎంతుండాలి? ఈతగాడు నీళ్ళలో పది మీటర్లు దిగితే ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. గెలీలియో పరికరం తట్టుకున్న 22 అంటే రెండొందల మీటర్ల నీళ్ళ కింద ఉన్నట్టే. భూమి నడిమధ్యన 36 లక్షలు. గురుగ్రహం నడిమధ్యన నాలుగు కోట్లకు పైనే. వేడి 20 వేల డిగ్రీల ప్రాంతం. అమ్మా, మీ అబ్బాయి రాకెట్ అటు బయటికి ఎందుకు రాదంటే, మబ్బులో ఉన్నది పల్చటి గాలి, అక్కడ ఉన్నది ఈ బరువు. లోపలికి పోయేకొద్దీ గ్యాస్ చిక్కబడి, వేడెక్కి, రాకెట్‌ను నలిపి కరిగించేస్తుంది.

పటమట శీను (విజయవాడ)

మాస్టారూ, నేను పదేళ్ళుగా వంట గ్యాస్ సిలిండర్లు వేస్తున్నాను. ఒక అనుమానం. మా సిలిండర్‌లో కూడా నొక్కి పెడితే గ్యాస్ ద్రవం అయిపోతుంది కదా. ఎంత మిగిలిందో చూడాలంటే తడిగుడ్డతో సిలిండర్ అంతా తుడిచి ఒక నిమిషం ఆగుతాం. పై భాగం ముందు ఆరిపోతుంది, ద్రవం ఉన్నంత మేర తడి అలాగే ఉంటుంది. మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. గురుగ్రహంలో కూడా అలాంటి గీత ఉంటుందా? పైన గ్యాస్, కింద సముద్రం లాగా?

విశ్రాంత మాస్టారు

శీనూ, నువ్వు అడిగిన దాని దగ్గరే అసలు సంగతంతా ఉంది. ఆ గీత అక్కడ ఉండదు!

ప్రతి గ్యాసుకీ ఒక ఉష్ణోగ్రత హద్దు ఉంది. ఆ హద్దు కన్నా చల్లగా ఉంటేనే నొక్కినప్పుడు ద్రవం, ఆవిరి విడివిడిగా ఏర్పడి మధ్యలో మట్టం కనిపిస్తుంది. నీ సిలిండర్‌లో ఉన్న ప్రొపేన్‌కి ఆ హద్దు 97 డిగ్రీలు, బ్యూటేన్‌కి 152. మన బెజవాడ ఎండ ఎంత మండినా ఆ హద్దు దాటదు కాబట్టి నీకు గీత కనిపిస్తుంది. హైడ్రోజన్‌కి ఆ హద్దు మైనస్ 240 డిగ్రీలు. గురుగ్రహంలో ఎక్కడ చూసినా అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. పై మబ్బుల్లో మైనస్ నూట పాతిక, నూట నలభై అనుకున్నా మైనస్ 240 కంటే వేడే కదా.

అందుకని అక్కడ హైడ్రోజన్ ఎంత నొక్కుకుపోయినా ఫలానా చోట గ్యాస్ అయిపోయింది, ఫలానా చోట ద్రవం మొదలైంది అనడానికి ఉండదు. పైన గాలిలా ఉన్నదే దిగేకొద్దీ చిక్కబడుతూ, చిక్కబడుతూ ఎప్పుడో ద్రవంలా ప్రవర్తిస్తుంది. పడవ వేసుకోవడానికి అలల సముద్రం లేదు.

పటమట శీను

అంటే మట్టం లేని సిలిండర్ అన్నమాట. ఇన్నేళ్ళు తడిగుడ్డ పెట్టి చూస్తున్నాను గానీ ఇంత సంగతి ఉందని తెలీదు మాస్టారూ. చాలా సంతోషం.

తెనాలి అమ్మాయి

అందరికీ నమస్తే. నేను అధిక పీడనాల మీద పరిశోధన చేస్తున్నాను. మాస్టారు చెప్పిన దానికి కొనసాగింపు.

ఇంకా దిగితే, పీడనం పది లక్షల వాతావరణాలు దాటే ప్రాంతంలో హైడ్రోజన్ అణువులు ఎలక్ట్రాన్లను పట్టుకుని ఉండలేవు. ఎలక్ట్రాన్లు అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగడం మొదలెడతాయి. రాగి తీగలో జరిగేది అదే కదా. అప్పుడు హైడ్రోజన్ ద్రవ లోహం అవుతుంది, పాదరసం లాగా కరెంటును పారనిస్తుంది. ఇలా జరగొచ్చని 1935లోనే విగ్నర్, హంటింగ్టన్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1996లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో ద్రవ హైడ్రోజన్‌ను 14 లక్షల వాతావరణాల పీడనంతో ఒక్క దెబ్బ కొట్టి, సెకనులో పదిలక్షల వంతు కూడా లేని ఆ కాస్త సమయంలో కరెంటు పారడం కొలిచారు. కాబట్టి అరండల్‌పేట గారూ, ఇది కాగితం మీద లెక్కగా మాత్రమే మిగల్లేదు. గ్రహాన్ని తవ్వలేకపోయినా, లోపలి పీడనాన్ని ఇక్కడే ఒక్క క్షణం సృష్టించి చూస్తున్నారు.

గురుగ్రహం బరువులో ఎక్కువ భాగం ఈ లోహ హైడ్రోజనే. దానికి పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగే వేగం తోడైంది. ఆ పెద్ద అయస్కాంత క్షేత్రం పుట్టేది అక్కడే. 1955లో బర్క్, ఫ్రాంక్లిన్ అనే ఇద్దరు 22.2 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తున్న రేడియో చప్పుడు గురుగ్రహానిదేనని పట్టుకున్నారు. ఆ చప్పుడు పుట్టేది అయస్కాంత క్షేత్రం వల్లే కాబట్టి, లోపల కరెంటు పారే సరుకు ఉందనడానికి మనకు దొరికిన మొదటి సాక్ష్యాల్లో అదొకటి.

అరండల్‌పేట

ఇది నచ్చిందమ్మా. ప్రయోగశాల సంగతి నాకు తెలియదు. మరి నడిమధ్యన? నేను చదువుకున్నప్పుడు రాతి ముద్ద ఉంటుందని బొమ్మ వేసి చూపించేవాళ్ళు. అది ఉందా లేదా?

విశ్రాంత మాస్టారు

ఆ బొమ్మ నేనూ వేశాను. నల్లబల్ల మీద మూడు వలయాలు. నడుమ రాయి, దాని చుట్టూ లోహ హైడ్రోజన్, పైన మామూలు హైడ్రోజన్. ఒక్కో దానికి ఒక్కో రంగు సుద్దముక్క. ఎన్ని బ్యాచ్‌లకి వేశానో లెక్కలేదు. అది ఇప్పుడు నిలబడట్లేదు. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి మీ పిల్లలకి అలా చెప్పకండి.

2016 జులైలో జూనో అనే నౌక గురుగ్రహం చేరింది. ప్రతి చుట్టులో మబ్బులకు నాలుగైదు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి దూసుకుపోతుంది. లోపల బరువు ఎక్కువున్న వైపు అది కాస్త ఎక్కువ లాగబడుతుంది, తక్కువున్న వైపు తక్కువ. ఆ తేడా దాని రేడియో సంకేతంలో తెలుస్తుంది. మన రైల్వే గేటు దగ్గర నిలబడితే, బండి వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినపడుతుంది కదా, అదే సూత్రం. సెకనుకు మిల్లీమీటరులో వందో వంతు వేగం మారినా పట్టేస్తారు.

అలా తేలిందేమిటంటే, అంచు స్పష్టంగా ఉన్న రాతి ముద్ద పెట్టి లెక్క వేస్తే కొలతలతో సరిపోవట్లేదు. బరువైన సరుకు, అంటే రాయీ మంచూ అయ్యే మూలకాలు, భూమికి 7 నుంచి 25 రెట్ల దాకా ఉంది. కానీ అది ముద్దగా లేదు. హైడ్రోజన్‌లో కలిసిపోయి గ్రహం వ్యాసార్ధంలో మూడో వంతు నుంచి సగం దాకా పరుచుకుని ఉందని 2017లో లెక్క తేల్చారు. వేడి పాలల్లో బెల్లం ముక్క వేసి కలపకుండా వదిలేయండి. అడుగున చిక్కగా, పైకి వచ్చేకొద్దీ పల్చగా ఉంటుంది, బెల్లం ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించలేం. దాదాపు అలా.

కృష్ణలంక తమ్ముడు

పసి వయసులో ఇంకో పెద్ద గ్రహం వచ్చి గుద్దితే ఆ కోర్, అంటే నడిమధ్యన ఉన్న ముద్ద, చెదిరిపోయిందని చదివాను మాస్టారూ. అది నిజమేనా?

తెనాలి అమ్మాయి

2019లో వచ్చిన ప్రతిపాదన అది. భూమికి పది రెట్ల బరువున్న గ్రహం సూటిగా వచ్చి ఢీకొంటే సరిపోతుందన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరట్లేదు. ఎందుకంటే శనికీ అదే పరిస్థితి. రెండు గ్రహాలకీ సరిగ్గా నెత్తి మీదే దెబ్బ తగిలిందనడం కన్నా, అవి పెరుగుతున్నప్పుడే రాయీ గ్యాసూ కలిసి లోపలికి చేరాయనుకోవడం సబబుగా ఉంది.

శని సంగతి ఎలా తెలిసిందో చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం. కృష్ణా ఇసుక తిన్నెల మీద పండిన పుచ్చకాయ కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలి మెటికలతో తట్టి చెవి పెట్టి వింటాం. శని లోపల ఎప్పుడూ సన్నగా కంపిస్తూనే ఉంటుంది. ఆ కంపనం వల్ల ఆకర్షణ కొంచెం కొంచెం మారి, వలయాల్లో అలలు లేస్తాయి. శని చుట్టూ తిరిగిన కాసినీ నౌక ఆ అలలను చూసింది. 2021లో వాటిని బట్టి లెక్క కడితే, శని కోర్ కూడా పలచబడి వ్యాసార్ధంలో 60 శాతం దాకా పరుచుకుందని తేలింది. ఆ వలయాలు అందం కోసం ఉన్నాయనుకున్నాం ఇన్నాళ్ళూ. తట్టిన చప్పుడు వినిపించేవి అవే.

బ్రాడీపేట అమ్మ

ఎంత ఓపిగ్గా చెప్తున్నారండీ అందరూ. వాడికి ముక్క ముక్కగా చదివి వినిపిస్తున్నాను. సిలిండర్ దగ్గరికి వెళ్ళి తడిగుడ్డ పెట్టి చూశాడు కూడా, గీత కనిపించింది! ఇప్పుడు ఇంకో ప్రశ్న. "అక్కడ వాన పడుతుందా?" అట.

తెనాలి అమ్మాయి

పడుతుంది! పై మబ్బుల్లో అమోనియా, నీళ్ళ సంగతి అలా ఉంచండి. లోపల, లోహ హైడ్రోజన్ మొదలయ్యే చోట, హీలియం వాన.

పులుసు పొయ్యి మీద ఉడుకుతున్నప్పుడు నూనె అంతా కలిసిపోయినట్టే ఉంటుంది. దించి చల్లారనిస్తే విడిపోతుంది. గ్రహం వయసు పెరిగి చల్లారేకొద్దీ హీలియం కూడా హైడ్రోజన్‌తో కలిసి ఉండలేక బొట్లుబొట్లుగా విడిపోతుంది. బరువెక్కువ కాబట్టి కిందికి జారుతుంది. సాక్ష్యం మళ్ళీ ఆ గెలీలియో పరికరమే. సూర్యుడూ గురుగ్రహమూ ఒకే సరుకు నుంచి పుట్టాయి, సూర్యుడు పుట్టినప్పుడు హీలియం బరువులో 27 శాతం ఉండేదని లెక్క. పరికరం కొలిచింది 23 చిల్లర. అంతకన్నా పెద్ద ఆశ్చర్యం నియాన్ అనే వాయువు. సూర్యుడిలో ఉన్న దాంట్లో పదో వంతే కనిపించింది. నియాన్ హీలియం బొట్లలో కరిగి, వాటితో పాటు కిందికి కొట్టుకుపోతోందని 2010లో వివరించారు. చూశారా అరండల్‌పేట గారూ, కాగితం మందం దిగిన ఆ పరికరం, దానికి వేల కిలోమీటర్ల కింద పడుతున్న వానకి సాక్ష్యం చెప్పింది.

శనిలో ఈ వాన ఇంకా ఎక్కువ. బొట్లు కిందికి జారుతున్నప్పుడు వేడి పుడుతుంది. శని తన వయసుకు ఉండాల్సిన దానికన్నా వెచ్చగా ఎందుకుందో దాన్నిబట్టే అర్థమవుతోంది.

అరండల్‌పేట

అమ్మా, ఒప్పుకున్నాను. ఆ నియాన్ మాటతో నా అనుమానం తీరిపోయింది.

హీలియం మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు మీదుగా వెళ్ళింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చాడు. పొద్దుటి పూట, చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌లో చూశాడు. ఒక్కో మూలకానికి తనవైన రంగు గీతలుంటాయి. రంగు గీతలు ఎంత మెరుస్తున్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని అక్కడే అనిపించిందట. మర్నాడు చూశాడు కూడా. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ చూశాడు.

ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటుంది. అదే హీలియం. భూమ్మీద ఎవరికీ తెలియని మూలకం. గుంటూరు ఆకాశం కింద నిలబడి పట్టుకున్నారు దాన్ని! ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను, మిర్చి యార్డు గురించి అడిగితే గంట మాట్లాడగలను, ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు. ప్రతి బడిలో చెప్పాలండీ ఇది.

విశ్రాంత మాస్టారు

చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. ఒక్క సవరణతో. జాన్సెన్ ఆ పసుపు గీతను కొత్త మూలకంగా గుర్తించలేదు. అప్పట్లో అది సోడియం గీతే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ అనే శాస్త్రవేత్త గ్రహణం అవసరం లేకుండానే చూసి, అది సోడియం గీతకు పక్కన ఉందని తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరుతో హీలియం అన్నది ఆయన వైపు వాళ్ళే. జాన్సెన్ ఇక్కడి నుంచి రాసిన ఉత్తరం, లాక్యర్ రాసింది పారిస్‌కు ఒకే రోజు చేరాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో ఒక పతకం వేయించింది. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే అనే శాస్త్రవేత్త చేతికి. ఈ సవరణ వల్ల గుంటూరు గొప్పతనం ఏమీ తగ్గదు.

బ్రాడీపేట అమ్మ

నాకు ఒళ్ళు పులకరించిందండీ. మన ఊళ్ళో చూసిన గీతా, అక్కడ శనిలో పడే వానా ఒకే సరుకా! వాడికి చెబితే మేడ మీదికి పరిగెత్తాడు.

కృష్ణలంక తమ్ముడు

అక్కా, వాన మాట వచ్చింది కాబట్టి యురేనస్, నెప్ట్యూన్ కూడా చెప్పేయండి. అవి వేరే జాతి. హైడ్రోజన్ పై పొరే, లోపల ఎక్కువగా నీళ్ళు, అమోనియా, మీథేన్ వేడిగా నొక్కుకుపోయి ఉంటాయని అంచనా. మీథేన్‌లోని కార్బన్ విడిపోయి వజ్రాలుగా కురుస్తుందంటారు. ఆ రెంటి దగ్గరికీ వెళ్ళింది వాయేజర్ 2 నౌక ఒక్కటే, 1986లో, 1989లో.

తెనాలి అమ్మాయి

వజ్రాల వాన కూడా ప్రయోగంలో కనిపించింది. 2017లో పాలిస్టిరీన్ ప్లాస్టిక్‌ను లేజర్‌తో కొట్టి చూశారు, 2022లో మన మంచినీళ్ళ సీసాల ప్లాస్టిక్‌తో చేశారు. కంటికి కనపడనంత చిన్న వజ్రాలు ఏర్పడ్డాయి.

పటమట శీను

నాదొక్క ప్రశ్న మాస్టారూ. గురుగ్రహంలో ఇంకా గ్యాస్ పోస్తే ఇంకా పెద్దదవుతుందా?

విశ్రాంత మాస్టారు

పెద్దగా అవదు శీనూ. శని కన్నా గురుగ్రహం బరువు మూడు రెట్లు పైనే, వ్యాసం మాత్రం అయిదో వంతే ఎక్కువ. పోసినకొద్దీ నొక్కుకుపోతుంది గానీ ఉబ్బదు. ఇప్పుడున్న బరువుకు ఎనభై రెట్లు పోస్తే మాత్రం వెలుగుతుంది, నక్షత్రమైపోతుంది.

బ్రాడీపేట అమ్మ

ఇప్పుడే ఒక పని జరిగింది, రాయకుండా ఉండలేకపోతున్నాను. మా వాడు డ్రాయింగ్ పుస్తకంలో గురుగ్రహం బొమ్మ వేస్తున్నాడు. ముందు కంపాస్‌తో మూడు వలయాలు గీశాడు. మాస్టారి జవాబు మళ్ళీ చదవమన్నాడు. చదివాను. వలయాలు రబ్బరుతో చెరిపేసి, క్రేయాన్ వేసి బొటనవేలితో రుద్దడం మొదలెట్టాడు. నడుమ ముదురు గోధుమరంగు, బయటికి వచ్చేకొద్దీ లేత పసుపు, ఎక్కడా గీత లేదు. వేలంతా రంగే. చివరికి నన్ను అడిగాడు, "సరిగ్గా నడిమధ్యన చిన్న రాయి పెట్టనా వద్దా?" అని. ఏం చెప్పమంటారు మాస్టారూ?

విశ్రాంత మాస్టారు

అమ్మా, వాడికి నా ఆశీస్సులు చెప్పండి. ఆ పలచటి కోర్ నడుమ ఇంకా కాస్త గట్టి ముద్ద మిగిలిందా లేదా అన్నది శాస్త్రవేత్తల మధ్యే తేలలేదు. పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టమనండి. రంగు వేయొద్దనండి.

కృష్ణలంక తమ్ముడు

అక్కా, శనివారం సాయంత్రం బాబుని తీసుకుని మా ఇంటికి రండి. మేడ మీద టెలిస్కోప్ పెడతాను. గురుగ్రహం పట్టీలు, పక్కన నాలుగు ఉపగ్రహాలు బాగా కనిపిస్తాయి. కరకట్ట దిగాక నాకు ఫోన్ చేస్తే సందు దాకా ఎదురొస్తాను. ఆ బొమ్మ కూడా తెమ్మనండి.